బెంగళూరులో తేనెటీగల ఆకలి నెలలు

డిసెంబరు రాగానే బెంగళూరులో మేడ మీద తేనె పెట్టె ఉన్న ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. చలికాలం కదా, ఈగలకు చక్కెర పాకం పెట్టాలా? ఈ ఆదుర్దా మంచిదే. ఐరోపా, అమెరికా పెంపకందార్లు రాసిన పుస్తకాల్లో, తీసిన వీడియోల్లో శీతాకాలానికి ముందు పాకం పెట్టడం ఏటేటా తప్పని పని. ఆ సలహా హెబ్బాళ మేడల మీదికి, హోస్కోట తోటల్లోకి ఉన్నది ఉన్నట్టుగా వచ్చి చేరింది. అది పుట్టిన చోట చలి వేరు, ఈగ వేరు, పూలు పూసే నెలలు వేరు. బెంగళూరులో తేనె గూళ్లు ఖాళీ అయ్యేది ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు. ఈ సంగతి తెలియక డిసెంబరులో అక్కర్లేని పాకం పోసి, జులైలో ఆకలితో ఉన్న పెట్టెను తెరిచి కూడా చూడని వాళ్లు చాలామంది ఉన్నారు. పెట్టె ఖాళీ చేసి ఈగలు వెళ్లిపోయాక కారణం ఏమిటో వాళ్లకు అంతుపట్టదు.

చలిదేశాల సలహాకు దాని కారణాలు దానికి ఉన్నాయి. అక్కడ మంచు పడ్డాక నాలుగైదు నెలలు పువ్వన్నది ఉండదు. ఈగలు బయటికి రాలేవు. అన్నీ ముద్దగా చేరి, రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టించుకుంటాయి. ఆ వేడికి ఇంధనం తేనె. ఐరోపా తేనెటీగల గూడు ఒక శీతాకాలం గట్టెక్కాలంటే పదిహేను నుంచి పాతిక కిలోల తేనె నిల్వ కావాలి. పెంపకందారు ఆ తేనె తీసుకుంటే బదులుగా శరత్కాలంలోనే చిక్కటి పాకం, రెండు పాళ్లు చక్కెరకు ఒక పాలు నీళ్లు కలిపి, పెట్టాలి. ఈగలు దాన్ని గదుల్లో నింపి, తేమ ఆరబెట్టి, మైనంతో మూత వేసుకుంటాయి. చలి ముదిరాక పల్చటి పాకం పెడితే ఆరబెట్టడం వాటి వల్ల కాదు, ఆ తేమ గూటికే చేటు. అక్కడ శరత్కాలం చివర పుట్టే ఈగలు కూడా వేరే రకం. వాటి ఒంట్లో కొవ్వు, మాంసకృత్తుల నిల్వ ఎక్కువ. మామూలు కూలి ఈగ పని రోజుల్లో ఐదారు వారాలు బతికితే, ఈ చలికాలపు ఈగ వసంతం దాకా నెలల తరబడి బతుకుతుంది.

బెంగళూరు దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నా ఇక్కడ అలాంటి చలి లేదు. జనవరిలో తెల్లవారుజామున పదిహేను డిగ్రీలు, మధ్యాహ్నానికి ఇరవై ఏడు వరకు ఉంటుంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి 13 నాటి 7.8 డిగ్రీలు. పొగమంచు ఉన్న రోజు ఈగలు కాస్త ఆలస్యంగా బయలుదేరతాయి, అంతే. ఎండ పడగానే గూటి ముంగిట రాకపోకలు మొదలవుతాయి. రాణి ఈగ గుడ్లు పెట్టడం ఆగదు. నెలల తరబడి ముద్దగా చేరి కాలం గడపాల్సిన అవసరం ఇక్కడి ఈగకు రాదు.

పైగా చలి నెలల్లో పూలకు కొదవ ఉండదు. అక్టోబరు, నవంబరులలో చుట్టుపక్కల పొలాల్లో వెర్రినువ్వులు పూస్తాయి. అరకు లోయను పసుపు పచ్చగా మార్చే వలిసెలు ఇవే. బెంగళూరు వీధుల్లో అనపకాయలు కుప్పలు పోసే డిసెంబరుకు ముందే ఆ చేలు పూత మీద ఉంటాయి. తర్వాత నగరపు చెట్ల వంతు. లాల్‌బాగ్‌ను 1908 నుంచి 1932 వరకు నడిపిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త క్రుంబీగల్, ఏడాది పొడవునా ఒక జాతి తర్వాత మరొకటి పూసేలా వీధి చెట్లను ఎంపిక చేయాలని సంకల్పించాడు. 1980లలో అటవీ అధికారి నేగిన్హాళ్ ఆధ్వర్యంలో లక్షల మొక్కలు నాటారు. మనుషుల కంటికి ఇంపుగా వేసిన ఆ వరుస తేనెటీగలకూ పంచాంగమైంది. అయితే అందమైన పువ్వల్లా ఈగకు అన్నం పెట్టదు. కాగితం పూల తీగ మేడంతా అల్లుకున్నా గూటికి దక్కేది చాలా తక్కువ. మార్చి, ఏప్రిల్‌లలో రోడ్ల మీద తెల్లగా రాలి పరుచుకునే కానుగ పూత దగ్గర తేనెటీగల సందడి చెవికే తెలుస్తుంది. అదే రోజుల్లో నేరేడు, ఉగాది పచ్చడిలోకి వచ్చే వేపపువ్వు, ఆ వెనకే చింతపూత. దేవనహళ్లి దగ్గర నల్లూరు చింతతోపు 2007లో దేశంలోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. అక్కడి ముసలి చింతలు పూస్తున్నప్పుడు ఆ ఊరి ఈగలకు లోటు ఉండదు. మొత్తం మీద జనవరి నుంచి మే వరకు బెంగళూరులో తేనె పండే కాలం.

జూన్‌లో పరిస్థితి మారుతుంది. చెట్ల పూత అయిపోతుంది. పొలాల్లో రాగి అప్పుడప్పుడే మొలకెత్తుతూ ఉంటుంది, పైగా దాని పూతలో మకరందం లేదు. ఆకాశం మూసుకుని, రోజుల తరబడి సన్నటి తుంపర పడుతుంది. కుండపోత వాన గంటలో వెలిసిపోతే ఈగ మళ్లీ ఎగరగలదు. రోజంతా పడే ముసురు దాన్ని గూట్లోనే కూర్చోబెడుతుంది. పూసిన కొద్ది పూలలోనూ మకరందం నీళ్లతో పల్చబడుతుంది, పుప్పొడి కొట్టుకుపోతుంది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరులలో వానలు పెరుగుతాయి. ఏప్రిల్‌లో నిండుగా ఉన్న గూడు జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలలూ దాచుకున్నదే తిని గడపాలి. దాచుకున్నది మే నెలలో మనుషులు పిండుకుని ఉంటే ఇక తినడానికి ఏముంటుంది?

ఇక్కడి పెట్టెల్లో ఎక్కువగా ఉండేది పుట్ట తేనెటీగ, శాస్త్రవేత్తలు ఎపిస్ సెరానా ఇండికా అనేది. చెట్టు తొర్రలో, పుట్టలో, పాత గోడ కంతలో చీకటి చూసుకుని వరుసగా పట్లు కట్టే ఈగ ఇది. ఏడాది మొత్తం మీద ఒక పెట్టె ఇచ్చే తేనె సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది కిలోలు. ఐరోపా ఈగకు శీతాకాలపు నిల్వగా కావలసిన తేనె కన్నా ఇది చాలా తక్కువ. అందుకే పాకం కొలతలు కూడా పుస్తకంలో చూసి యథాతథంగా తీసుకోకూడదు. ఉత్తర భారతంలో చలికాలపు మేత గురించి చెప్పేవాళ్లలో చాలామంది పెంచేది ఐరోపా ఈగనే. 1962లో హిమాచల్‌లోని నగరోటా బగవాన్‌లో దాన్ని విజయవంతంగా స్థిరపరిచాక ఉత్తరాదిన పెంపకం దాని మీదే పెరిగింది. ఆ ఈగ ఆకలి వేసినా పెట్టెలోనే ఉండి నీరసించి చచ్చే అవకాశం ఎక్కువ. పుట్ట తేనెటీగ అలా ఉండదు. తిండి చాలదని తేలితే గూడు వదిలేస్తుంది.

ఈ వదిలిపోవడం ఉన్నట్టుండి జరిగినట్టు కనిపిస్తుంది కానీ, దానికి రెండు మూడు వారాల ముందే ఏర్పాట్లు మొదలవుతాయి. రాణి గుడ్లు పెట్టడం తగ్గించి, ఆపేస్తుంది. పట్లలో ఉన్న పిల్లలు ఈగలై బయటికి వచ్చేవరకు గుంపు ఆగుతుంది. ఉన్న కొద్ది తేనెను కడుపు నింపుకుని, ఎండ కాసిన ఒక ఉదయం అంతా లేచిపోతుంది. మిగిలిన ఖాళీ పట్లలో వారం తిరగకముందే మైనపు పురుగు బూజు అల్లుతుంది. చాలామంది పురుగు వల్లే గూడు పోయిందని అనుకుంటారు. ఎక్కువసార్లు వరస తలకిందులు. ఆకలి వల్ల గుంపు పల్చబడింది, పట్లను కాపలా కాసే ఈగలు చాలలేదు, అప్పుడు పురుగు చేరింది.

కాబట్టి వానాకాలంలో పది పదిహేను రోజులకు ఒకసారి, తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం పూట, పెట్టె తెరవాలి. తెరవకముందే ఒక పరీక్ష ఉంది. పెట్టె వెనక అంచును ఒక చేత్తో అంగుళం పైకి లేపి చూడటం. ఏప్రిల్‌లో మోయలేనంత బరువున్న పెట్టె తేలిగ్గా లేచి వస్తే లోపల నిల్వ లేదని అర్థం. తెరిచాక పిల్లల గదిలోని, అంటే రాణి గుడ్లు పెట్టే కింది అరలోని, పట్టు ఉన్న చట్రాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పట్టులో నడుమ పిల్లల గదులు, వాటి పైన పుప్పొడి వలయం, ఆ పైన మూత వేసిన తేనె వంపుగా కనిపిస్తాయి. ఆకలి గూట్లో పై వంపు ఖాళీగా, మైనం గదులు పొడిగా కనిపిస్తాయి. పిల్లపురుగులు తెల్లటి ఆహారపు రసంలో తేలుతూ ఉండాల్సింది, గది అడుగున పొడిగా అంటుకుని ఉంటాయి. గుడ్లు కనిపించి, పిల్లపురుగులు కనిపించకపోతే పరిస్థితి ఇంకా ముదిరిందని అర్థం చేసుకోవచ్చు. పుప్పొడి లేనప్పుడు కూలి ఈగలు చిన్న పిల్లలను తామే తినేస్తాయి. పెట్టె ముంగిట పోతుటీగలను, అంటే మగ ఈగలను, ఈడ్చి బయట పడేస్తుండటం మరో గుర్తు. తిండి కరువైనప్పుడు గూడు ముందుగా వదిలించుకునేది వాటినే.

ఈ గుర్తులు కనిపిస్తే పాకం పెట్టాలి. ఇక్కడి వానాకాలానికి సరిపోయేది సమపాళ్ల పాకం. తూకానికి ఎంత చక్కెరో అంతే నీళ్లు. నీళ్లు మరిగించి, పొయ్యి ఆర్పి, తెల్ల చక్కెర వేసి కరిగించి, పూర్తిగా చల్లార్చాలి. చక్కెర వేశాక పొయ్యి మీద ఉంచి అడుగంటనివ్వకూడదు. పుట్ట తేనెటీగల గుంపు ఒకదానికి వారానికి రెండు వందల గ్రాముల చక్కెరతో చేసిన పాకం చాలు. ఒకేసారి లీటర్ల కొద్దీ పోస్తే అది పులిసిపోతుంది, వాసనకు చీమలు వస్తాయి. దక్షిణాదిన చాలాకాలంగా వాడుకలో ఉన్న న్యూటన్ రకం తేనె పెట్టెలో దీనికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. సగం కొబ్బరి చిప్ప కడిగి, పిల్లల గది చట్రాల మీద, తేనె కోసం ఉంచే పై గది లోపల కదలకుండా కూర్చోబెట్టి, పాకం పోసి, అందులో నాలుగు ఎండు పుల్లలు వేస్తారు. ఆ పుల్లలు ఉండి తీరాలి. అవి లేకపోతే ఈగలు పాకంలో పడి మునిగిపోతాయి. ఉదయానికి చిప్ప నాకినట్టు శుభ్రంగా ఉంటే ఆకలి ఉన్నట్టు. రెండు రోజులైనా పాకం అలాగే ఉంటే తీసి పారబోయాలి. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎండిపోకుండా చూసుకోవాలి. పాకం పెట్టిన పెట్టెకు చీమల బెడద రెట్టింపు.

తీపిదేదైనా ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. బెల్లం ఈగకు పడదు. అందులో మిగిలిపోయే ఖనిజాలు, మడ్డి దానికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఈగ గూట్లో విసర్జించదు, బయటికి ఎగిరి వెళ్తుంది. ముసురులో బయటికి పోలేక కడుపు పట్టుకుని కూర్చున్న ఈగకు బెల్లం పెట్టడమంటే గూడంతా పాడుచేయడమే. శుద్ధి తక్కువైన గోధుమరంగు చక్కెరదీ ఇదే కథ. మిఠాయిలకు పాకం పట్టేటప్పుడు గడ్డకట్టకుండా నిమ్మరసం పిండటం మన ఇళ్లలో అలవాటు. ఈగల పాకంలో అది పనికిరాదు. పులుపు తగిలిన చక్కెరను వేడి చేస్తే తేనెటీగలకు విషంలా పనిచేసే పదార్థం ఏర్పడుతుంది. అంగట్లో కొన్న తేనె పెట్టడం అన్నిటికన్నా ప్రమాదకరం. పిల్లపురుగులను కుళ్లబెట్టే బాక్టీరియా సిద్ధబీజాలు తేనెలో దశాబ్దాల తరబడి చావకుండా ఉంటాయి. ఎక్కడి గూటిదో తెలియని తేనెతో రోగాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నట్టే. 1991, 1992లలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో పుట్ట తేనెటీగల గూళ్లలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. రోగం గూటి నుంచి గూటికి పాకే దారులను తెరవకూడదని అప్పటి పెంపకందార్లకు ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

అలా తెరుచుకునే దారుల్లో ముఖ్యమైనది దోపిడీ. పూలు లేని రోజుల్లో పాకం వాసన పసిగట్టిన బలమైన గూటి ఈగలు బలహీనమైన గూటి మీద పడి ఉన్నదంతా ఊడ్చుకుపోతాయి. అందుకే పాకం చీకటి పడే వేళ, పెట్టె లోపలే, బయట ఒక్క చుక్క ఒలకకుండా పెట్టాలి. ద్వారాన్ని ఒకటి రెండు ఈగలు పట్టేంతగా కుదించాలి. ఒకే మేడ మీద రెండు మూడు పెట్టెలుంటే అన్నింటికీ ఒకే సాయంత్రం పెట్టాలి.

తేనెటీగలు అంతరించిపోతున్నాయని చదివి, బాల్కనీలో పళ్లెం నిండా చక్కెర నీళ్లు పెట్టే వాళ్ల గురించి ఇక్కడే చెప్పాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇది బాగా పెరిగింది. మనసు మంచిదే, పని మాత్రం ఈగలకు కీడు చేస్తుంది. ఎక్కడెక్కడి గూళ్ల ఈగలూ ఒకే పళ్లెం మీద మూతులు పెడితే రోగం పంచుకుంటాయి, కొట్టుకుంటాయి, పళ్లెంలో మునిగి చస్తాయి. అవే తర్వాత పక్కింటి వంటగదిలోకి వస్తాయి, అక్కడ పురుగుమందు చల్లుతారు. బాల్కనీలో పెట్టదలిస్తే మంచినీళ్లు పెట్టవచ్చు. గులకరాళ్లు వేసిన లోతు తక్కువ పళ్లెంలో, రోజూ మార్చే నీళ్లు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో గూడు చల్లబరచుకోవడానికి ఈగలకు నీరు చాలా కావాలి.

పాకం ఇచ్చేది శక్తి మాత్రమే. పిల్లలు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు పుప్పొడి నుంచి రావాలి. పుప్పొడి లేని గూటికి పాకం ఎంత పోసినా రోగికి సెలైన్ ఎక్కించినట్టే. ప్రాణం నిలుస్తుంది, ఒంటికి కండ పట్టదు. దీనికి బదులుగా కొవ్వు తీసిన సోయాపిండి, బ్రూవర్స్ ఈస్ట్, వెన్న తీసిన పాలపొడి, పుట్నాల పిండి వంటి వాటిని చక్కెరతో ముద్ద చేసి చట్రాల మీద పెట్టే పద్ధతి ఉంది. ఐరోపా ఈగ దీన్ని బాగానే తింటుంది. పుట్ట తేనెటీగ పెట్టినదల్లా తినదు, తినని ముద్దకు బూజు పట్టి, పురుగు చేరుతుంది. ఉసిరికాయంత పెట్టి చూసి, తింటేనే మళ్లీ పెట్టడం మేలు. హెబ్బాళ దాటాక జీకేవీకే ప్రాంగణంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తేనెటీగల పెంపకం మీద ప్రత్యేక విభాగం ఉంది. కొత్తగా పెట్టె తెచ్చుకున్నవాళ్లు వీడియోల మీద ఆధారపడేకన్నా ముందు అక్కడ అడగడం మంచిది.

అసలు ఇంత పాకం ఎందుకు అవసరమవుతోంది? మే నెలలో పై గదితో పాటు పిల్లల గదిలోని తేనె కూడా పిండేయడం దీనికి పెద్ద కారణం. చక్కెర తేనెకు సాటి రాదు. తేనెలో, పుప్పొడిలో ఉండే ఒక ఆమ్లం ఈగ ఒంట్లో విషాలను విరిచే జన్యువులను మేల్కొలుపుతుందని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో తేల్చారు. చక్కెర పాకంలో ఆ ఆమ్లం ఉండదు. పురుగుమందుల మధ్య తిరిగే నగరపు ఈగకు ఇది చిన్న విషయం కాదు. పిల్లల గదిలో తేనె ముట్టుకోకుండా వదిలేస్తే, మామూలు సంవత్సరంలో బలమైన గూడు ఎవరి సాయమూ లేకుండా వానాకాలం దాటగలదు. అప్పుడు పాకం నిజంగా అవసరమైన గూళ్లకే, అంటే ఆలస్యంగా పట్టిన గుంపులకు, రోగం నుంచి కోలుకుంటున్న వాటికి, మే నెలాఖరున రెండుగా విడగొట్టిన వాటికి పరిమితమవుతుంది. కిలో తేనె అమ్ముకుని, ఆ డబ్బులో కొంతతో చక్కెర కొని పెడితే లెక్క సరిపోయిందనుకోవడం ఈగకు అన్యాయం చేయడమే.

తినేవాళ్లకు కూడా అది అన్యాయమే. పూత మొదలయ్యాక కూడా పాకం పెడుతూ పోతే ఈగలు దాన్ని తేనె గదుల్లో నింపి మూత వేస్తాయి. అలా తీసినది చూపుకు తేనెలాగే ఉంటుంది, కానీ పువ్వు నుంచి వచ్చినది కాదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న తేనెల్లో చక్కెర పాకాల కల్తీని బయటపెట్టాక, కొనేవాళ్లు చిన్న పెంపకందార్ల తేనె వైపు ఎక్కువగా చూస్తున్నారు. ఆ నమ్మకం నిలబడాలంటే నియమం కచ్చితంగా ఉండాలి. వెర్రినువ్వుల పూత మొదలైన రోజున పాకం ఆపాలి. పై గదిలో తేనె చట్రాలు పెట్టేది ఆ తర్వాతే. పాకం నింపిన పట్లు ఏవైనా ఉంటే వాటిని గుర్తుపెట్టి ఈగలకే వదిలేయాలి.

చలికాలంలో పాకం ఎప్పుడూ అక్కర్లేదని కూడా అనకూడదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి బెంగళూరులో నాలుగైదు రోజులు చలితో ముసురు పట్టినప్పుడు, అప్పుడే పట్టి పెట్టెలో వేసిన చిన్న గుంపుకు కొద్దిగా పాకం ప్రాణం నిలుపుతుంది. చెన్నైలో లెక్క మరీ మారిపోతుంది. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అందులోనూ నవంబరులో. మూడు వందల యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు నగరాలకే ఒక క్యాలెండరు పనికిరానప్పుడు, మంచు దేశపు క్యాలెండరు ఎలా పనికొస్తుంది? పెట్టె బరువు, పట్టు మీది తేనె వంపు, బయట పూసిన పువ్వు, వీటిని చూసే నిర్ణయించాలి.

అపార్ట్‌మెంట్ల చూరుకు, నీళ్ల ట్యాంకులకు వేలాడే పెద్ద పట్లు కొండ తేనెటీగలవి. వాటికి ఎవరూ తిండి పెట్టక్కర్లేదు, పెట్టలేరు కూడా. పూత తగ్గగానే అవి పట్టు వదిలి మరో చోటికి వలస పోతాయి, పూత కాలానికి మళ్లీ వస్తాయి. వాటికి మనుషులు చేయగలిగిన సాయం, ఉన్న నెలల్లో పొగ పెట్టి, మందు కొట్టి చంపకుండా ఉండటం.

వానాకాలపు ఆకలికి పాకం కన్నా గట్టి మందు వానాకాలంలో పూసే మొక్క. ఇప్పటిదాకా నగరంలో చెట్లు నాటినవాళ్ల చూపు వేసవి పూల మీదే ఎక్కువగా ఉంది. కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లో ఈగలకు పెద్ద ఆసరాగా ఉన్న నీలగిరి తోటల పెంపకాన్ని కర్ణాటక ప్రభుత్వం భూగర్భజలాల కోసం 2017లో నిషేధించింది. నిర్ణయం సరైనదే. తీసేసిన చోట కానుగ, నేరేడు, కుంకుడు వేస్తే ఈగలకూ నష్టం తీరుతుంది. జూన్, జులైలలో పుప్పొడి ఇచ్చేవి చాలావరకు మనం కలుపు అని పీకేసేవే. అత్తిపత్తి, గడ్డిచామంతి ఖాళీ స్థలాల్లో పూస్తే పుట్ట తేనెటీగలు వెతుక్కుని వస్తాయి. మొక్కజొన్న జూలు విచ్చే రోజుల్లో ఉదయం పూట పొలంలో ఈగలు కాళ్లకు పుప్పొడి మూటలు కట్టుకుని కనిపిస్తాయి. మేడ మీద అయితే గులాబి రంగు ఆంటిగోనన్ తీగ ఒకటి పిట్టగోడ మీదికి పాకిస్తే వానల్లోనూ పూస్తుంది. తులసి, సబ్జా వెన్నులు తుంచకుండా ఉంచాలి. కొత్తిమీర మడిలో సగం కోసుకుని సగం పూతకు వదిలేయాలి. మేలో విత్తితే జులై నాటికి పూత అందుతుంది. హిందూపురం, కుప్పం, చింతామణి వైపు సొంత పొలాలున్న తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. గట్ల మీద రెండు కానుగ మొక్కలు, చేను అంచున ఒక సాలు పొద్దుతిరుగుడు వేయడం వాళ్లకు ఖర్చు లేని పని. పొద్దుతిరుగుడు మాత్రం ఒకేసారి కాకుండా పదిహేను రోజుల తేడాతో మూడు దఫాలుగా విత్తితే, ఆగస్టు ముసురులోనూ ఏదో ఒక సాలు పూత మీద ఉంటుంది.